పాత పాయింట్లకే కొత్త గీజర్: గోడ పగలకుండా, చుక్క కారకుండా బిగించే పద్ధతి

ధనుర్మాసం వచ్చిందంటే విజయనగరంలో నాకు వచ్చే ఫోన్లలో సగం గీజర్లవే. పదేళ్లు పనిచేసిన గీజర్ అడుగున కారడం మొదలెడుతుంది. ఇంటివాళ్లు షాపుకెళ్లి కొత్తది తెచ్చేస్తారు, తెచ్చాక ప్లంబర్‌ని పిలుస్తారు. తీరా గోడకి ఆనించి చూస్తే గీజర్ గొట్టాలు ఒకచోట, గోడలో నీళ్ల పైపులు బయటికొచ్చే పాయింట్లు ఇంకోచోట. అక్కణ్ణుంచి టెన్షన్. గీజరుని గోడలో పాయింటుతో కలిపే కనెక్షన్ పైపుని మెలితిప్పి, లాగి, ఎలాగోలా తగిలించేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఆ పూటకి నీళ్లు వేడెక్కుతాయి. రెండు మూడు నెలలకి పక్కగది గోడ మీద సున్నం పొంగుతుంది.

శ్రీకాకుళంలో బలగ వైపు ఒక ఇంటికి వెళ్లాను. "బాబూ, వాన లేదు, ఏమీ లేదు, ఈ గోడెందుకు ఇలా తడిసిపోతోంది?" అని మామ్మగారు చెయ్యి ఆనించి చూపించారు. బాత్రూంలోకి వెళ్లి చూస్తే కనెక్షన్ పైపు వీణ తీగలా బిగిసిపోయి ఉంది. పాయింటుకి బిగించే చిన్న కుళాయి, యాంగిల్ కాక్, ఒక పక్కకి ఒరిగి ఉంది, వేలితో తడిమితేనే తెలిసేంత. టైల్ తీసి చూశాను. లోపలి సీపీవీసీ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) ఎల్బోలో, అంటే పైపు మలుపు ముక్కలో, ఇత్తడి మర కూర్చునే చోట వెంట్రుకంత గీత. గుడ్డతో తుడిస్తే ఏమీ కనపడదు. కాసేపు చూస్తూ కూర్చుంటే ఆ గీత మీద సూదిమొనంత నీరు మెరిసి, చుక్కై, కిందికి జారింది. గీజర్ పావు అంగుళం పక్కకి బిగించినందుకు ఆ ఇంట్లో నాలుగు టైల్స్ పోయాయి.

గోడలో ఉన్న పైపు ఎక్కడుందో అక్కడికే గీజర్ రావాలి, పైపుని గీజర్ వైపు లాగకూడదు. కింద చెప్పేదంతా దీని కోసమే.

కొనకముందే తీసుకోవాల్సిన కొలతలు

షాపుకి వెళ్లేముందు టేపు పట్టుకుని బాత్రూంలోకి వెళ్లండి. గోడలో ఉన్న రెండు పాయింట్ల మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి కొలవండి. పాయింట్ల నుంచి పైకప్పు దాకా ఎంత ఎత్తుందో, పక్కన వెంటిలేటర్ గాని బీము గాని ఎంత దూరంలో ఉందో రాసుకోండి. పాత గీజర్ ఇంకా వేలాడుతుంటే దాని హుక్కులు పాయింట్లకి ఎంత పైన ఉన్నాయో కూడా కొలవండి. ఫోన్‌లో ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీసుకోండి.

ఇప్పుడు షాపులో గీజర్ రంగు, స్టార్లు చూసే ముందు దాని కిందివైపు తిప్పి చూడండి. నీలం రింగు ఉన్నది చన్నీళ్లు వెళ్లే గొట్టం, ఎర్ర రింగు ఉన్నది వేన్నీళ్లు వచ్చే గొట్టం. ఆ రెంటి మధ్య దూరం కంపెనీకొకలా, మోడల్‌కొకలా ఉంటుంది. మీ పాయింట్ల దూరానికి దగ్గరగా ఉన్నది దొరికితే మంచిదే. దొరక్కపోయినా ఫరవాలేదు, గోడలో పాయింట్లకీ గీజరుకీ మధ్య తగినంత ఎత్తు వదిలితే కనెక్షన్ పైపు సర్దుకుంటుంది. నిలువు గీజరుని అడ్డంగా, అడ్డం గీజరుని నిలువుగా మాత్రం బిగించకూడదు. లోపలి గొట్టాలు, హీటర్ ఆ భంగిమకే తయారై ఉంటాయి.

15 లీటర్ల గీజర్ పోయిందని ఈసారి 25 లీటర్లది తెద్దామనుకునేవాళ్లు బరువు లెక్క చూసుకోవాలి. నీళ్లే పాతిక కిలోలు. గీజర్ బరువు కూడా కలిపితే దగ్గర దగ్గర 35 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో పది కిలోలు, ఏళ్ల తరబడి రెండు బోల్టుల మీద వేలాడాలి. పూసపాటిరేగ, భోగాపురం వైపు పాత ఇళ్లలో సున్నం గోడలు ఉంటే నేను 15 లీటర్లకి మించి పెట్టను.

ట్యాంకు ఎత్తు కూడా గమనించండి. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మన ఇళ్లలో స్లాబు మీద ట్యాంకు, దాని కిందే బాత్రూం. అంటే 0.3, 0.4 బార్ కూడా కష్టం. అలాంటి చోట సన్న రంధ్రం ఉన్న కనెక్షన్ పైపు వేస్తే షవర్లో నీళ్లు నూలుపోగులా వస్తాయి. పైపు కొనేటప్పుడు చివర కన్నులోకి చూసి, లోపల వెడల్పుగా ఉన్నది తీసుకోండి. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తుల ట్యాంకు, ప్రెషర్ పంపు ఉన్నవాళ్లు మాత్రం 8 బార్ తట్టుకునేదని రాసి ఉన్న గీజరే తీసుకోవాలి.

పాతది దించడం

మెయిన్ బోర్డులో గీజర్ లైనుకున్న ఎంసీబీ ఆపండి. స్విచ్ ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ వైరు మీద ఉంటుంది, అలాంటప్పుడు స్విచ్ ఆపినా హీటరుకి కరెంటు వస్తూనే ఉంటుంది. ఎంసీబీ ఆపి, దాని మీద "పని జరుగుతోంది" అని కాగితం అంటించి, ప్లగ్ తీసి, టెస్టర్‌తో సాకెట్‌లో చూశాకే పని మొదలుపెట్టండి. లోపలి నీళ్లు చల్లారడానికి వీలైతే రాత్రంతా వదిలేయండి.

తర్వాత నీళ్లు. పాయింట్ల దగ్గర యాంగిల్ కాక్‌లు ఉంటే వాటిలో చన్నీళ్లది కట్టేస్తే సరి. లేకపోతే ట్యాంకు దగ్గర గేట్‌వాల్వ్ ఆపాలి. సముద్రం దగ్గర ఊళ్లలో ఈ గేట్‌వాల్వులు ఉప్పుగాలికి పట్టేసి ఉంటాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్ల తర్వాత హడావిడిగా మార్చిన ట్యాంకుల దగ్గర అసలు వాల్వే లేని లైన్లు కూడా చూశాను. అలాంటి చోట ట్యాంకు ఖాళీ చేసుకోవడమే మార్గం. బలవంతంగా తిప్పితే వాల్వ్ చేతికొచ్చేస్తుంది. అది ఆదివారం జరిగితే దుకాణాలు కూడా ఉండవు.

వేన్నీళ్ల కుళాయి తెరిచి పెట్టి, చన్నీళ్ల వైపు కనెక్షన్ పైపు కింద బకెట్ పెట్టి వదులు చేయండి. గాలి పైనుంచి వెళితే నీళ్లు కిందికి దిగుతాయి. 15 లీటర్లంటే బకెట్ నిండుతుంది, రెండో బకెట్ దగ్గర పెట్టుకోండి. నట్టు విప్పేటప్పుడు ఒక పానాతో యాంగిల్ కాక్‌ని పట్టుకుని, రెండో పానాతో నట్టు తిప్పండి. ఒక్క పానాతో తిప్పితే ఆ బలమంతా గోడలోపలి ఎల్బో మీదకి పోతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను ఈ తప్పు చేశాను. పాత జీఐ (ఇనుప పైపు) ఎల్బో గోడలో తిరిగిపోయి, ఆ ఇంటివాళ్లకి గోడ కొట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచి రెండు పానాలు లేకుండా పని మొదలుపెట్టను.

దించడానికి ఇద్దరు ఉండాలి. ఒకరు కింద పట్టుకుంటే రెండోవాళ్లు హుక్కు నుంచి పైకెత్తాలి. ఖాళీ చేశాక కూడా లోపల సుద్ద పేరుకుని గీజర్ అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది.

గోడలో పాయింట్లని ముందే పరీక్షించడం

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నాకు మాత్రం మొత్తం పనిలో ఇదే ముఖ్యం, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

యాంగిల్ కాక్‌లు కూడా విప్పేయండి. టార్చి వేసి లోపలి మర చూడండి. కారకుండా మరకి చుట్టే టెఫ్లాన్ టేపు పాత ముక్కలు, జనపనార పీచు, సుద్ద ఉంటాయి. పాత టూత్ బ్రష్‌తో తోమి, సూదితో పీకి, గుడ్డతో తుడవండి. ఇప్పుడు కొత్త ఇత్తడి నిపుల్ (మర ఉన్న పొట్టి గొట్టం) ఒకటి, టేపు చుట్టకుండా, చేత్తోనే తిప్పండి. మూడు నాలుగు చుట్లు సాఫీగా వెళ్లి, ఆ తర్వాత బిగుసుకోవాలి. వదులుగా ఊగితే మర అరిగిపోయింది. ఒక చుట్టు కూడా వెళ్లకపోతే మర వంకర పడింది. ఈ రెంటిలో ఏదున్నా టేపు ఎక్కువ చుట్టి సరిపెట్టే ఆలోచన మానుకోండి, అక్కడ ఎల్బో మార్చాల్సిందే.

లైను ఏ పైపుతో వేశారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీగడ రంగులో ఉంటే సీపీవీసీ, అది 90 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. తెల్లటి మామూలు పీవీసీ వేన్నీళ్లకి పనికిరాదు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. డబ్బు మిగులుతుందని వేన్నీళ్ల లైనుకి కూడా తెల్ల పైపు వేసిన ఇళ్లు ఉన్నాయి. మీది అలాంటిదైతే గీజర్ మార్చే ఈ సందర్భంలోనే ఆ ముక్క మార్పించండి. పాత జీఐ లైనైతే లోపల తుప్పు ఎంత మూసేసిందో చూడండి. పెన్సిల్ కూడా దూరనంత సన్నబడితే కొత్త గీజర్ తెచ్చి ఏం లాభం?

మర బాగుందనిపిస్తే రెండు పాయింట్లకీ డమ్మీలు (మూసే బిరడాలు) బిగించి, మెయిన్ వాల్వ్ తెరిచి అరగంట వదిలేయండి. డమ్మీ చుట్టూ వార్తాపత్రిక ముక్క చుట్టి ఉంచండి. చేతికి తెలియని చెమ్మ కూడా న్యూస్‌ప్రింట్ మీద ముదురు మచ్చగా కనిపిస్తుంది. కాగితం పొడిగా ఉంటే మీ గోడ మంచిదే. ఇకమీద ఎక్కడైనా కారితే అది మీరు ఇప్పుడు వేసిన జాయింట్‌లోనేనని తెలిసిపోతుంది, వెతుక్కునే పని ఉండదు.

పాయింటుని టైల్ అంచుకి తేవడం

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అతికించుకున్న ఇళ్లలో పాయింటు మర గోడ లోపలికి పోయి ఉంటుంది. దానికి ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపుల్ వాడాలి. అర అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా పొడవుల్లో దొరుకుతాయి. అగ్గిపుల్ల లోపల మర అంచుకి ఆనించి, టైల్ దగ్గర గోటితో గుర్తుపెట్టి కొలిస్తే ఎంత పొడవు కావాలో తెలుస్తుంది. నిపుల్ చివర టైల్‌కి సమానంగా గాని, ఒక గీత లోపలికి గాని ఉండాలి. బయటికి పొడుచుకొస్తే యాంగిల్ కాక్ వెనకుండే గుండ్రటి కప్పు గోడకి ఆనదు, అసహ్యంగా సందు కనిపిస్తుంది. చిన్న నిపుల్స్ రెండు కలిపి పొడవు పెంచే బదులు సరైన పొడవుది ఒక్కటే తేండి. జాయింట్ పెరిగిన కొద్దీ భయం పెరుగుతుంది.

టేపు చుట్టే దిక్కు: మర మీ వైపు ఉండేట్టు పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుకి చుట్టండి. ఎదురు చుట్టితే బిగించేటప్పుడు టేపు విప్పుకుపోతుంది. మర మొదటి గాటు వదిలి, లాగి పట్టి ఎనిమిది పది చుట్లు. వేలితో ఒత్తితే టేపు కింద మర గాట్లు కనపడాలి. సీపీవీసీలో కూర్చిన ఇత్తడి మరకి ఇంతకంటే చుట్టకండి, ఎక్కువైతే ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ చీలుతుంది.

యాంగిల్ కాక్ బిగించేటప్పుడు దాని మూతి చివరికి ఎటు తిరుగుతుందో ముందే ఊహించుకోవాలి. మూతి నిటారుగా పైకి రావాలి. కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పారా, టేపు పట్టు పోతుంది. బయట మాత్రం కారదు, నీరు గోడలోకి దిగుతుంది. దాటిపోతే విప్పేసి, టేపంతా తీసేసి మళ్లీ చుట్టండి. రెండు కాక్‌లూ ఒకే మట్టంలో, ఒకేలా నిలబడితే సగం అందం అక్కడే వచ్చేస్తుంది.

గీజర్ ఎక్కడ వేలాడాలి

అట్టపెట్టె మూత కత్తిరించి దాని మీద గీజర్ వీపు గీయండి, హుక్కుల స్థానం, ఎర్ర, నీలం గొట్టాల స్థానం గుర్తుపెట్టండి. రెండు పాయింట్ల నడుమ నుంచి దారానికి గుండు కట్టి నిలువు గీత గీయండి. అట్ట మీద రెండు గొట్టాల నడిమిని ఈ గీత మీదకి తెచ్చి గోడకి అంటించండి. గొట్టాలకీ కాక్‌లకీ మధ్య కనీసం ఒక అడుగు ఉండాలంటాను. కనెక్షన్ పైపు హాయిగా ఒక వంపు తిరగడానికీ, రేపు హీటర్, ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే ఆనోడ్ కడ్డీ కిందికి లాగి తీయడానికీ ఆ జాగా కావాలి. కాసేపు దూరం నుంచి చూడండి. టైల్ గీతలకి సమాంతరంగా ఉందా, వెంటిలేటర్‌కి అడ్డమా, స్నానం చేసేవాళ్ల తలకి తగులుతుందా. అట్టని జరపడం తేలిక, గీజరుని జరపడం కష్టం.

పాయింట్‌కి సూటిగా పైన డ్రిల్ పెట్టకండి. ట్యాంకు నుంచి వచ్చే లైను చాలా ఇళ్లలో అక్కణ్ణుంచే దిగుతుంది. స్విచ్ బోర్డుకి సూటిగా పైనా అంతే, అక్కడ వైర్ల గొట్టం ఉంటుంది. రసమట్టంతో హుక్కుల గీత సరిచూసుకోండి. టైల్ మీద కాగితం టేపు అంటించి, డ్రిల్లులో హ్యామర్ (కొట్టే పద్ధతి) ఆపేసి నెమ్మదిగా టైల్ దాటించండి, ఇటుక తగిలాకే హ్యామర్ వేయండి. ఎర్రటి పొడి వస్తే ఇటుక. తెల్లటి సన్న ఇసుకే రాలుతుంటే అది ఇటుకల మధ్య సందు, అక్కడ బోల్టు నిలవదు. రెండంగుళాలు పైకో కిందికో జరగండి. కన్నంలో పొడి ఊదేసి, గీజరుతో ఇచ్చిన సైజు యాంకర్ బోల్టులే వాడండి, ప్లాస్టిక్ గుల్లలు వద్దు. గీజర్ తగిలించేముందు బోల్టు పట్టుకుని మీ బరువులో కొంత వేలాడి చూడండి. సన్నగా కదిలినా సరే, ఆ కన్నం వదిలేయండి.

కలపడం

గీజర్ వేలాడదీశాక నీలం గొట్టానికి సేఫ్టీ వాల్వ్ బిగించండి. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది గీజర్ లోపలికి చూపాలి. ఇది పెట్టకుండా వదిలేయడం, దాని మూతికి డమ్మీ కొట్టేయడం ప్రమాదం. థర్మోస్టాట్ పాడై నీళ్లు కాగిపోతే ఒత్తిడి బయటికి పోయే దారి ఇదొక్కటే. దాని మూతికి సన్న గొట్టం తగిలించి గోడ వెంబడి కిందికి దించండి.

కనెక్షన్ పైపులు 18 అంగుళాలవి, 24 అంగుళాలవి దొరుకుతాయి. రెండూ ఒకే పొడవువి, వేన్నీళ్లకి పనికొచ్చేవి తీసుకోండి. పైపు చివర రబ్బరు వాషర్ ఉంటుంది, అక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. టేపు చుడితే వాషర్ సరిగా కూర్చోదు. చేత్తో బిగిసేదాకా తిప్పి, పానాతో ఇంకో పావు చుట్టు. పైపు వంపు మెత్తగా ఒకవైపుకే ఉండాలి, మెలి పడకూడదు. పైపు మీద ఉన్న గీత గాని అక్షరాలు గాని చుట్టూ తిరిగిపోతున్నాయంటే మెలి పడినట్టే. కొన్ని పాత ఇళ్లలో చన్నీళ్ల పాయింటు గీజర్ ఎర్ర గొట్టం వైపు ఉంటుంది. ఏది ఏ లైనో మూతి తెరిచి చూడండి, ట్యాంకు నుంచి ధారగా వచ్చేది చన్నీళ్లది. అలాంటప్పుడు పైపులు ఒకదాని మీదుగా ఒకటి దాటించక తప్పదు, దానికి 24 అంగుళాలవే సరిపోతాయి.

నీళ్లు ముందు, కరెంటు తర్వాత

వేన్నీళ్ల కుళాయి తెరిచి ఉంచి చన్నీళ్ల కాక్ తిప్పండి. మొదట గాలి బుసకొడుతుంది, తర్వాత ఆగి ఆగి నీళ్లు, చివరికి ధార. ధార ఆగకుండా వచ్చేదాకా ప్లగ్ ముట్టుకోవద్దు. నీళ్లు లేని హీటర్ కొద్ది నిమిషాల్లోనే కాలిపోతుంది. ప్రతి జాయింటుకీ కాగితం చుట్టి పావుగంట చూడండి.

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. దీనికి 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పనిచేసే ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎర్త్ ఉందని బోర్డులో మూడో కన్నం చూసి నమ్మకండి. వైరు గుంతదాకా వెళ్లిందో లేదో, గుంతలో తేమ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తడి కాళ్లతో నిలబడే చోటు ఇది. ఈ భాగం నేను కూడా ఎలక్ట్రీషియన్‌కే వదిలేస్తాను.

మొదటిసారి వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ మూతి నుంచి చుక్కలు పడితే కంగారు పడకండి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వెళితే సుమారు 200 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి, అంటే ఒక గ్లాసుడు. లైనులోకి వెనక్కి పోయే దారి లేకపోతే ఆ నీళ్లు ఇక్కణ్ణుంచే వస్తాయి. గీజర్ ఆపేసి చల్లారాక కూడా కారుతూనే ఉంటే మాత్రం వాల్వ్ లోపల ఇసుక రేణువు ఇరుక్కుందేమో చూడాలి. దాని మీట ఒకసారి ఎత్తి వదిలితే చాలాసార్లు పోతుంది. నీళ్లు వేడెక్కాక జాయింట్ల దగ్గర మళ్లీ కాగితం పరీక్ష చేయండి. చల్లగా ఉన్నప్పుడు కారనిది వేడికి సాగి కారొచ్చు. బిగించాల్సి వస్తే చల్లారాకే బిగించండి.

చివరి పనులు

యాంగిల్ కాక్‌ల వెనక కప్పులు గోడకి నొక్కి, పై అంచున మాత్రం సన్నగా సిలికాన్ పూయండి. కింది అంచు వదిలేయండి. లోపల ఎప్పుడైనా కారితే నీరు అటునుంచి బయటికొచ్చి మీకు కనపడుతుంది. సిమెంటుతో మూసేస్తే గోడలోకే పోతుంది. పాత హుక్కుల కన్నాలు తెల్ల సిమెంటుతో పూడ్చి, తడిగుడ్డతో తుడిచేయండి.

మర్నాడు పొద్దున ఒకసారి, వారం తర్వాత ఒకసారి పక్కగది గోడ తడిమి చూడండి. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారి ఆనోడ్ కడ్డీ తీయించి చూపించుకోవాలి. గీజర్ లోపలి ట్యాంకుకి బదులు తుప్పుకి తినబడడానికే పెట్టిన కడ్డీ అది, సగానికి పైగా అరిగితే మార్చేయాలి. బిగించిన తేదీ, వారంటీ కాగితం ఎక్కడ పెట్టారో ఒక చీటీ మీద రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఎంసీబీ బోర్డు తలుపు లోపల అంటించండి.